ఆటలమ్మ దురదకు వేపరెమ్మా, కాలమైన్ లోషనా?

ఆటలమ్మ పోసిన పసివాడికి దురద పుడితే ఇంట్లో పెద్దలు వేపరెమ్మతో మెల్లగా నిమురుతారు. వైద్యులు కాలమైన్ లోషన్ రాయమంటారు. జింక్ ఆక్సైడ్ ఉన్న ఈ గులాబీ రంగు లోషన్ ఆరుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది కనుక దురద కొంత తగ్గుతుంది గానీ, కళ్ల దగ్గర, నోటిలో లేచిన పొక్కులకు దానిని వాడకూడదు. రెమ్మ గోళ్లకు బదులుగా పనికివస్తుంది, అయితే పొక్కులు చిట్లేలా రుద్దితే మచ్చలు మిగలవచ్చు. పొక్కులు ఎండేదాకా స్నానం ఆపడం ఆచారమే తప్ప వైద్య నియమం కాదు. గోరువెచ్చని నీరు మొదటి రోజు నుంచే హాయినిస్తుంది. నా మొగ్గు లోషన్ వైపే, రెమ్మ పక్కన ఉన్నా అభ్యంతరం లేదు. జ్వరానికి ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకూడదు, అది మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రై సిండ్రోమ్‌కు దారితీయవచ్చు.