జేబులో పెట్టుకుని తిరిగే లినక్స్: మూడేళ్ల వాడకం తర్వాత

వారంలో మూడు రోజులు కడపలో, రెండు రోజులు ప్రొద్దుటూరులో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. సాయంత్రాలు ఏడురోడ్ల దగ్గర మిత్రుడి డీటీపీ షాపులో తెలుగు టైపింగు, ప్రూఫులు. రోజుకు కనీసం రెండు వేరువేరు సిస్టంల ముందు కూర్చోక తప్పదు. ఒకదాంట్లో పైథాన్ ఉండదు, ఇంకోదాంట్లో తెలుగు కీబోర్డు ఉండదు, మరోదాంట్లో పెన్‌డ్రైవ్ పెడితే చాలు వైరస్ అంటుకుంటుంది. ఎర్రగుంట్ల మీదుగా పోయే బస్సులో నిలబడి, ల్యాప్‌టాప్ బ్యాగును గుండెలకు అదుముకుని పోవడం కొన్నాళ్లు చేశాను, ఇక చాలనిపించింది. 2023 జూన్‌లో డెబియన్ 12 వచ్చింది. విండోస్ బదులు వాడుకునే ఆపరేటింగ్ సిస్టం లినక్స్, అందులో ఒక రకం డెబియన్. అప్పటి నుంచి నా ఆపరేటింగ్ సిస్టం, ఫైళ్లు అన్నీ ఒక యూఎస్‌బీ డిస్కులోనే ఉన్నాయి; ఏ కంప్యూటర్‌కు తగిలిస్తే దాంట్లో అదే లేస్తుంది.

ఇది లైవ్ యూఎస్‌బీ కాదు, ముందే చెప్పేస్తున్నాను. లైవ్ అంటే ఐఎస్‌ఓ ఫైలును (సిస్టం మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) అలాగే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. ఆఫ్ చేస్తే మనం చేసిన మార్పులన్నీ పోతాయి. పర్సిస్టెన్స్ పెట్టుకుంటే మార్పులు నిలుస్తాయి గానీ, రోజువారీ పనికి, అప్‌డేట్లకు అది సరిపడదు. నాది అసలైన ఇన్‌స్టాలేషన్. లోపలి హార్డ్‌డిస్కు బదులు బయటి డిస్కును చూపించి వేసుకున్నది.

అంతకుముందు, 2022లో, 32 జీబీ పెన్‌డ్రైవ్ మీద వేసి ఎనిమిది నెలలు వాడాను. ఆ ఎనిమిది నెలలూ నరకమే. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మౌస్ కదులుతుంది, ఎక్కడ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు, పెన్‌డ్రైవ్ చివర లైటు మాత్రం ఆగకుండా మినుకుతూ ఉంటుంది. మామూలు పెన్‌డ్రైవ్‌లు ఒక పెద్ద సినిమా ఫైలును వరసగా రాసుకోవడానికి పనికొస్తాయి. ఆపరేటింగ్ సిస్టం అలా రాయదు. లాగ్ ఫైల్లో ఒక లైను, బ్రౌజర్ క్యాషేలో చిన్న ముక్క, ఇట్లా క్షణక్షణం చిన్నచిన్నవి చెల్లాచెదురుగా రాస్తుంది. ఆ పనికి పెన్‌డ్రైవ్ తట్టుకోలేదు. ఒకరోజు రాయడం పూర్తిగా మానేసింది. చదవనైతే చదివింది కాబట్టి ప్రశ్నపత్రాలు దక్కాయి.

ఏ డిస్ట్రో (లినక్స్ రకం) మంచిదని అందరూ అడుగుతారు. నన్నడిగితే, దేనిమీద వేస్తున్నామన్నదే అంతకంటే ముఖ్యం. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీని (చిప్పులతో నడిచే వేగమైన డిస్కు) యూఎస్‌బీ 3 కేసులో పెట్టి డెబియన్ వేశాక నా కష్టాల్లో ముప్పావు వంతు తీరిపోయాయి. నీలిరంగు పోర్టులో పెడితే అర నిమిషంలో డెస్క్‌టాప్ వస్తుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టులో సెకనుకు 35, 40 ఎంబీ మించదు, అయినా పని నడిచిపోతుంది.

మిగిలిన పావు వంతు కష్టం బూట్‌లోడర్‌ది, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టంను లేపే చిన్న ప్రోగ్రాముది. దీన్ని వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ఆ పెన్‌డ్రైవ్ రోజుల్లో వాడిన ఒక డిస్ట్రో ఇన్‌స్టాలర్‌లో నేను యూఎస్‌బీనే ఎంచుకున్నా, అది బూట్‌లోడర్‌ను మాత్రం ఇంట్లో డెస్క్‌టాప్ లోపలి డిస్కులో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగం) పెట్టేసింది. కాలేజీకి తీసుకెళితే బూట్ కాలేదు. ఇక్కడ ఇంట్లో పెన్‌డ్రైవ్ లేకుండా సిస్టం ఆన్ చేసిన మా ఆవిడకు విండోస్ రాలేదు, నల్ల తెర మీద గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్ పేరు) అన్న మాట, పక్కన కర్సరు కనిపించాయి. ఆ రోజు ఆమె కరెంటు బిల్లు కట్టాలని కూర్చుంది. అప్పటి నుంచి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోపలి డిస్కు కేబుల్ పీకేసి గానీ మొదలుపెట్టను.

యూఈఎఫ్ఐ (ఆన్ కాగానే మదర్‌బోర్డులో మొదట నడిచే సాఫ్ట్‌వేర్) ఉన్న సిస్టం కొత్త డిస్కును చూసినప్పుడు దాని ఈఎఫ్ఐ పార్టిషన్‌లో బూట్ అనే ఫోల్డరు, అందులో బూట్ఎక్స్64 అనే ఫైలు ఉన్నాయా అని వెతుకుతుంది. ఉంటే ఏ ఊళ్లో, ఏ సిస్టంలో పెట్టినా లేస్తుంది. ఆ ఫైలు అక్కడికి చేరాలంటే గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండుకు రిమూవబుల్ అనే ఆప్షన్ ఇవ్వాలి. నేను ఇచ్చాను, ఏడాది పాటు బాగానే నడిచింది. ఒక అప్‌డేట్ తర్వాత మాత్రం గ్రబ్ రెస్క్యూ తెర వచ్చింది, లినక్స్ లేవకుండా గ్రబ్ దగ్గరే ఆగిపోయింది. అప్‌డేట్‌లో గ్రబ్ మాడ్యూళ్లు (దాని విడి భాగాలు) కొత్తవయ్యాయి, ఆ ఫోల్డర్లో నేను చేత్తో పెట్టిన ఫైలు పాతదే మిగిలింది, రెండింటికీ పొత్తు కుదరలేదు. దీనికి శాశ్వత మందు డెబియన్‌లోనే ఉంది. గ్రబ్ ప్యాకేజీని రీకాన్ఫిగర్ చేస్తే, రిమూవబుల్ దారిలో (అంటే ఆ బూట్ ఫోల్డర్లో) కూడా ఒక కాపీ పెట్టమంటావా అని అడుగుతుంది, అవును అనాలి. మదర్‌బోర్డు ఎన్‌వీర్యామ్‌లో (బూట్ పేర్లు గుర్తుంచుకునే చోటు) పేరు రాయమంటావా అని అడుగుతుంది, వద్దు అనాలి. ఊరివాళ్ల సిస్టంలలో మన పేరు రాసి రాకూడదు కదా. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చాక అదే డిస్కును దానికి అప్‌గ్రేడ్ చేశాను, బూటుకు ఇబ్బంది రాలేదు.

ఇంకొకటి గడియారం గొడవ. ఒకరోజు ల్యాబ్ అసిస్టెంటు వచ్చి, "సార్, మీరు కూర్చునే సిస్టంలో టైము పొద్దున నాలుగుంబావు చూపిస్తాంది. మొన్న గూడా ఇట్లే అయింది, మిగతావన్నీ బాగుండాయి" అన్నాడు. నా చేతి గడియారంలో తొమ్మిదీ నలభై ఐదు. సరిగ్గా ఐదున్నర గంటల తేడా! లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక సమయంగా చూడమని లినక్స్‌లో ఒక్క కమాండు ఇస్తే తీరిపోయింది. ఇది మొదటిరోజే చేసుకోవాలి. వేరేవాళ్ల సిస్టం వాడుకుని దాని టైము చెడగొట్టి పోవడం మర్యాద కాదు. మొదట ల్యాబ్ ఇన్‌ఛార్జి అనుమతి అడిగాకే డిస్కు పెడతాను. సెక్యూర్ బూట్‌ను (నమ్మకమైన బూట్‌లోడర్‌నే లేవనిచ్చే సెట్టింగు) కూడా ముట్టుకోను. డెబియన్ దానితోనే లేస్తుంది. అది ఆఫ్ చేస్తే కొన్ని ల్యాప్‌టాప్‌లలో విండోస్ బిట్‌లాకర్ కీ (డిస్కు తాళం తీసే సంఖ్య) అడుగుతుంది, అది యజమాని దగ్గర లేకపోతే వాళ్ల ఫైళ్లన్నీ లోపలే ఉండిపోతాయి.

లోపాలు ఉన్నాయి. కేబుల్ కాస్త కదిలితే చాలు, రూట్ ఫైల్‌సిస్టం (సిస్టం ఉండే భాగం) రీడ్ ఓన్లీ అయిపోతుంది, ఇక ఏమీ రాయనివ్వదు, రీస్టార్ట్ తప్ప దారిలేదు. డెస్క్‌టాప్ ముందు పోర్టుల్లో ఇలా రెండుసార్లు అయ్యాక వెనక పోర్టుల్లోనే పెడుతున్నాను. మే నెలలో మా కడప ఎండకు కేసు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కరెంటు పోవడం మాత్రం నేను భయపడినంత హాని చేయలేదు, ఎక్స్‌ట్4 (లినక్స్ డిస్కు అమరిక) జర్నల్, అంటే చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టుకునే చిట్టా, ప్రతిసారీ సర్దుకుంది. ఎన్‌విడియా (గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ) సొంత డ్రైవర్లు వేయకండి, ఒక సిస్టంకు కుదిరింది ఇంకోదాంట్లో నల్ల తెర చూపించవచ్చు.

తెలుగు విషయంలో నాకు పండగే. ఐబస్‌లో (భాషల టైపింగు ప్రోగ్రాము) ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక, నచ్చిన ఫాంట్లు ఒకసారి పెట్టుకున్నాను, ఎక్కడ కూర్చున్నా అదే కీబోర్డు, అదే అక్షరం. కానీ ప్రెస్సుకు ఇచ్చే పనికి ఇది చాలదు. మా వైపు ప్రెస్సులు ఇంకా పేజ్‌మేకర్ (పేజీలు పేర్చే పాత ప్రోగ్రాము), యూనికోడ్ కాని అను ఫాంట్లే అడుగుతాయి. యూనికోడ్‌లో కొట్టింది మార్చి, వత్తులు చెదిరిన చోట చేత్తో దిద్దాల్సి వస్తుంది. అందుకే ఆ చివరి మెట్టు షాపులోని విండోస్ మీదే ఎక్కుతున్నాను.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసుకోండి. నిరుడు ప్రొద్దుటూరు ల్యాబులో డిస్కు మరిచిపోయి బస్సెక్కాను. మైదుకూరు దాటాక గుర్తొచ్చింది. అందులో సెమిస్టర్ ప్రశ్నపత్రాలున్నాయి. పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ తెరవలేరన్న ధైర్యంతోనే ఆ రాత్రి నిద్రపోయాను. మర్నాడు అటెండరు బీరువాలోంచి తీసిచ్చాడు. ప్రతి ఆదివారం హోమ్ ఫోల్డరును ఇంటి డెస్క్‌టాప్‌కు ఆర్‌సింక్ (మారిన ఫైళ్లను కాపీ చేసే కమాండు) చేసే అలవాటు కూడా అప్పటిదే.

ఇప్పుడు మా విద్యార్థులు నలుగురు ఇలాగే వాడుతున్నారు. ఒక పిల్లవాడిది వేంపల్లె దగ్గర పల్లె, ఇంట్లో కంప్యూటర్ లేదు. నెట్ సెంటరాయన మొదట డిస్కు పెట్టనివ్వలేదు. వాడు వాడుకుని తీసేశాక తన విండోస్ ఎక్కడిదక్కడే ఉందని చూసుకుని, ఇప్పుడు మూల సీటు వాడికే ఉంచుతున్నాడు. వాడు డిస్కు పట్టుకుని నా దగ్గరికి వస్తే నేను మొదట తెరిచి చూసేది బూట్ ఫోల్డర్లో ఆ ఫైలు తేదీ.