మళ్లీ నవల పట్టేవాళ్లకి 'బుడెన్‌బ్రూక్స్'

థామస్ మన్ 1901లో ప్రచురించిన ఈ నవల లావు చూసి జడుసుకోవద్దు. ధాన్యం వ్యాపారం చేసే జర్మన్ కుటుంబం నాలుగు తరాల్లో ఎలా చితికిపోయిందో చెబుతుంది. భాగాలు 11, అధ్యాయాలు చాలావరకు చిన్నవి. చదివే అలవాటు తప్పినవాళ్లు కూడా రోజుకు రెండు మూడు లాగించేయొచ్చు.

తడబడేది మొదటి భాగంలోనే: ఒకే విందు, బోలెడు మంది అతిథులు, పైగా తాతా తండ్రీ ఇద్దరూ యోహాన్‌లే. వంశవృక్షం ఒక కాగితం మీద గీసి పుస్తకంలో పెట్టుకోండి. అతిథుల పేర్లు గుర్తుండకపోయినా నష్టం లేదు. ఆ ఇంటి పిల్లలు టోనీ, థామస్, క్రిస్టియాన్‌ని పట్టుకుంటే చాలు.

పుట్టుకలూ పెళ్లిళ్లూ రాసే కుటుంబ పుస్తకంలో థామస్ కొడుకు, చిన్నారి హన్నో స్కేలు పెట్టి తన పేరు కింద అడ్డంగా రెండు గీతలు కొడతాడు. తండ్రి గద్దిస్తే, ఇక తర్వాత ఏమీ ఉండదనుకున్నానంటాడు. అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చోవాలనిపిస్తుంది.