పలుచని పీజోఎలక్ట్రిక్ పలకలు: కిర్కాఫ్–లవ్ నమూనానా, మిండ్లిన్ నమూనానా?

బజర్లలో ఇత్తడి బిళ్ళకు అతికించే పీజోఎలక్ట్రిక్ పలకను (వంచితే విద్యుత్తు పుట్టించి, విద్యుత్తు ఇస్తే ఆకారం మారే పలకను) సమీకరణాల్లోకి తెచ్చేటప్పుడు మొదట తేల్చుకోవలసింది ఏ గణిత నమూనా అన్నదే. 1850లో కిర్కాఫ్ పలకలకు ప్రతిపాదించగా 1888లో లవ్ పెంకులకు (వంపు తిరిగిన పలుచని పలకలకు) విస్తరించిన సిద్ధాంతం, మధ్యతలానికి (మందంలో సగం లోతున ఉండే తలానికి) లంబంగా ఉన్న గీత పలక వంగాక కూడా తిన్నగా, లంబంగానే ఉంటుందని భావించి, మందం దిశలోని కోత వికృతిని (పొరలు ఒకదానిపై ఒకటి జారినట్టు వచ్చే ఆకార మార్పును) పూర్తిగా వదిలేస్తుంది. 1951లో మిండ్లిన్ ఆ గీతను తిన్నగా ఉంచుతూనే వాలనిచ్చాడు. అందుకు మూల్యంగా కోత ప్రభావాన్ని సరిదిద్దే 5/6 వంటి సవరణ గుణకం ఒకటి వచ్చి చేరింది. మందం తగ్గేకొద్దీ రెండింటి ఫలితాలూ కలిసిపోతాయి. మందపాటి పలకల్లో మాత్రం మొదటిది సహజ పౌనఃపున్యాలను (పలక తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్కను) ఎక్కువ చేసి చెబుతుంది.

అయితే నా దృష్టిలో అసలు చిక్కు కోతది కాదు, విద్యుత్ పొటెన్షియల్‌ది. ఈ పొటెన్షియల్, అంటే వోల్టేజీ, మందం వెంట సరళరేఖగా మారుతుందని తీసుకోవడం చాలామందికి అలవాటు (లెక్క తేలిక మరి!). వంగిన పలక ఒకవైపు సాగి, మరోవైపు కుంచించుకుపోవడం వల్ల పుట్టే వర్గ పదాన్ని (మధ్యతలం నుంచి దూరపు వర్గంతో మారే పొటెన్షియల్ భాగాన్ని) అలా విస్మరిస్తే, పైన, కింద ఉన్న రెండు ఎలక్ట్రోడ్లనూ (లోహపు పూతలనూ) తీగతో కలిపిన పలకలో విద్యుత్ క్షేత్రమే లేదని తేలి, దృఢత్వం ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. పలక నిజంగా పలుచనిదైతే, ఆ పదాన్ని చేర్చిన కిర్కాఫ్–లవ్ నమూనానే, అది లేని మిండ్లిన్ నమూనా కంటే నమ్మదగినది.