ఇంప్లాంట్ పన్ను, ఐదేళ్ల వాడకం: తిరుపతిలో రేటు కంటే ముందు స్టిక్కర్ సంగతి అడగండి

ఇంప్లాంట్, అంటే పోయిన పన్ను చోట ఎముకలో బిగించే లోహపు మర, పెట్టించుకోబోయే ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ఎంతవుతుందని. ఐదేళ్లు వాడాక నా లెక్కలో అది రెండో ప్రశ్న. దానికంటే ముందు అడగాల్సింది, డబ్బాలో వచ్చే స్టిక్కర్ నా ఫైల్లో అంటిస్తారా అని. చిన్న కాగితం ముక్క. దాని మీద కంపెనీ పేరు, మోడల్, రెఫ్ నంబరు, లాట్ నంబరు, వ్యాసం, పొడవు అచ్చు వేసి ఉంటాయి. పేరున్న కంపెనీల డబ్బాల్లో ఇలాంటివి ఒకటికి మించే వస్తాయి, ఒకటి క్లినిక్ రికార్డుకి, ఇంకోటి పేషెంట్‌కి. అది లేకపోయేసరికి అరగంటలో అయిపోవాల్సిన పనికి పంతొమ్మిది రోజులు పట్టింది.

వాడుతున్నది కింది దవడలో కుడివైపు మొదటి దవడపన్ను, డాక్టర్ల లెక్కలో 46. కొరియా ఇంప్లాంట్, 4.5 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. పొడవు. పైన జిర్కోనియా (పన్ను రంగు గట్టి పింగాణీ రకం) క్యాప్, సిమెంట్‌తో అతికించినది. 2021 మే నుంచి వాడకంలో ఉంది. ఎముకలో టైటానియం ఎలా పట్టుకుంటుందో చాలామంది రాశారు కాబట్టి అది వదిలేస్తాను. నమలడంలో మాత్రం మొదటి ఏడాది వంక పెట్టడానికేమీ లేదు. వేయించిన చెనక్కాయలు, చెరుకు ముక్క, నాటుకోడి మెత్తటి ఎముక, అన్నీ ఆ వైపే.

రెండేళ్ల ఎనిమిది నెలలకి క్యాప్ కదిలింది. నొప్పి లేదు. గట్టిది కొరికినప్పుడు టక్కుమని సన్నటి చప్పుడు, పొద్దున లేవగానే ఆ పక్క చప్పటి చెడు రుచి, నాలుకతో నెడితే వెంట్రుకవాసి ఊగడం. ఇక్కడే అందరూ భయపడిపోతారు, ఇంప్లాంట్ ఊడిపోయిందని. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఇంప్లాంటే వదిలేస్తే ఎక్స్‌రేలో దాని చుట్టూ ఎముకకీ లోహానికీ మధ్య నల్లటి గీత కనిపిస్తుంది, నొక్కితే చాలావరకు నొప్పి ఉంటుంది. ఇంప్లాంట్ గట్టిగా ఉండి క్యాప్ మాత్రం ఊగుతోందంటే చాలావరకు లోపలి స్క్రూ వదులైనట్టు. ఆ క్షణం నుంచి ఆ వైపు నమలడం ఆపేయాలి. వదులు స్క్రూ మీద నమిలితే అది వంగి లోపలే విరుగుతుంది. విరిగిన ముక్కను బయటికి తీయడం చాలా సున్నితమైన పని, రాకపోతే బాగున్న ఇంప్లాంట్‌నే తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు.

ఎక్స్‌రేలో ఎముక శుభ్రంగా ఉంది. క్యాప్ మధ్యలో చిల్లు చేసి, స్క్రూ దగ్గరికి డ్రైవర్ దించి, బిగించడమే మిగిలింది. ఇంప్లాంట్ పెట్టిన క్లినిక్‌లో ఆ డ్రైవర్ లేదు. కారణం తిరుపతిలోనూ చిత్తూరులోనూ చాలాచోట్ల ఉన్న పద్ధతే. క్లినిక్ ఒకరిది, ఇంప్లాంట్ పెట్టేది నెలకి రెండు ఆదివారాలు బయటి ఊరి నుంచి వచ్చే విజిటింగ్ డాక్టర్. డ్రిల్లులు, రెంచ్, డ్రైవర్లు ఉన్న కిట్ ఆయన బ్యాగులోనే వచ్చి ఆయన బ్యాగులోనే పోతుంది. అప్పటి డాక్టర్ ఆ ఊరికి రావడం మానేశారు. కేస్ షీట్‌లో ఉన్నది ఒకటే ముక్క, "46 ఇంప్లాంట్ డన్". ఏ కంపెనీయో లేదు.

డ్రైవర్లు అన్నిటికీ ఒకటే కాదు. కొరియా వాటిలో ఎక్కువగా 1.2 మి.మీ. ఆరు పలకల తల. ఇజ్రాయెల్ వాటికి దాదాపు 1.25. స్ట్రామన్ కంపెనీది నక్షత్రం ఆకారం, నోబెల్ కంపెనీది మళ్లీ వేరే. 1.25 తలలో 1.2 డ్రైవర్ పెట్టి బలంగా తిప్పితే పలకలు అరిగి గుండ్రమవుతాయి, తర్వాత ఏ డ్రైవరూ పట్టదు. ఎక్స్‌రేలో మర ఆకారం చూసి కంపెనీని ఊహించవచ్చు గానీ ఒకదాన్ని చూసి ఒకటి చేసినవే ఎక్కువ కాబట్టి ఊహ మీద బిగించడం ప్రమాదం. చివరికి దారి దొరికింది క్యాప్ చేసిన ల్యాబ్‌లో. వాళ్లు క్యాప్ తయారు చేయాలంటే ఏ ఇంప్లాంట్ నమూనా మీద చేయాలో తెలియాలి కదా, ఆ ఆర్డర్ చీటీ వాళ్ల పాత బైండులో ఉంది. కంపెనీ, ప్లాట్‌ఫారం (ఇంప్లాంట్ పైభాగం) సైజు రెండూ అందులో దొరికాయి. మీకూ స్టిక్కర్ లేకపోతే ముందు ల్యాబ్‌నే పట్టుకోండి.

తర్వాత పని అరగంట. డైమండ్ బర్‌తో నీళ్లు చిమ్ముతూ జిర్కోనియాకి చిల్లు చేశారు, స్క్రూ తిప్పగానే క్యాపూ, దాన్ని ఇంప్లాంట్‌కి కలిపే అబట్‌మెంటూ కలిసి ఒకే ముక్కగా బయటికి వచ్చాయి. అడుగున సిమెంట్ ముక్క ఒకటి, పెసరబద్దలో సగమంత, చిగురు వైపు అంటుకుని ఉంది. చెడు రుచికి అదీ ఒక కారణమే. మిగిలిపోయిన సిమెంట్ చిగురు కింద ఉండిపోతే నెలలు కాదు, ఏళ్ల తర్వాత కూడా వాపు తెచ్చి ఇంప్లాంట్ చుట్టూ ఎముకను తినేస్తుంది. పాత స్క్రూ పారేసి కొత్తది వేశారు. దాని తల మీద తెల్లటి టెఫ్లాన్ టేపు కుక్కారు, ప్లంబర్ కుళాయి మరకి చుట్టే అదే రకం. పైన పన్ను రంగు ఫిల్లింగ్. ఇక ఎప్పుడు కావాలన్నా ఫిల్లింగ్ గీరి టేపు లాగేస్తే స్క్రూ చేతికి అందుతుంది. మొదటే ఇలా స్క్రూతో బిగించే క్యాప్ చేయించి ఉంటే ఈ చిల్లు పనే ఉండేది కాదు. పైన చిన్న చుక్కలా ఫిల్లింగ్ కనిపిస్తుందని కొందరు వద్దంటారు. నవ్వితే కనిపించే ముందు పళ్ల సంగతి వేరు, దవడపన్నుకి మాత్రం స్క్రూ క్యాపే అడగండి. కొత్త స్క్రూతో కలిపి అంతా 4,200 రూపాయలు.

అసలెందుకు వదులైందంటే, స్క్రూని బిగించడమంటే దాన్ని వెంట్రుకవాసి సాగదీయడమే. ఆ సాగిన బిగువే రెండు ముక్కల్నీ పట్టి ఉంచుతుంది. ఈ సైజుకి కంపెనీ చెప్పిన లెక్క 30 న్యూటన్ సెంటీమీటర్లు. వేళ్లతో తిప్పితే అందులో సగం రావడమే గగనం, టార్క్ రెంచ్ ఉండాల్సిందే. పైగా ఒకసారి బిగించి వదిలేయకూడదు. కొత్త లోహం మీద కంటికి కనిపించని గరుకు అణిగిపోయి కొంత బిగువు జారిపోతుంది కాబట్టి పది నిమిషాలు ఆగి మళ్లీ అదే లెక్కకి బిగించాలి. రెండోసారి బిగించే ఓపిక ఉన్న క్లినిక్‌ని నేను మంచి క్లినిక్ అంటాను. దీనికితోడు 4.5 మి.మీ. కాడ మీద 11 మి.మీ. వెడల్పు పన్ను కూర్చుంది. అంచున కొరికిన ప్రతిసారీ స్క్రూని ఊపినట్టే. అందుకే క్యాప్ ఎత్తు పళ్ల మధ్య రంగు కాగితం పెట్టి చూసేటప్పుడు, మామూలుగా కొరికితే ఇంప్లాంట్ మీద మరక లేతగా, గట్టిగా కొరికితేనే ముదురుగా పడాలి.

ఇక రేటు. 2021లో ఇంప్లాంట్, అబట్‌మెంట్, క్యాప్ కలిపి 32 వేలు, స్కానింగ్ 2,500 విడిగా. ఎముక చాలనప్పుడు నింపే ఎముక పొడి అక్కర్లేకపోయింది. ఇప్పుడు ఎడమవైపు 36 కోసం తిరుపతిలో ఆరు చోట్ల అడిగితే 22 వేల నుంచి 52 వేల దాకా చెప్పారు. 22 వేలు చూసి తొందరపడకండి, అందులో క్యాప్ లేదు. అడగాల్సిన మాట ఒకటే, నమలడం మొదలుపెట్టే రోజు దాకా మొత్తం ఎంత? స్కాన్, చిగురు మానే దాకా పెట్టే మూత, అబట్‌మెంట్, క్యాప్, ఎముక పొడి పడితే ఎంత, పడకపోతే ఎంత, ఇవన్నీ కాగితం మీద రాయించుకోవాలి. పై దవడ వెనక పళ్లకి సైనస్ లిఫ్ట్ (సైనస్ పొరను పైకెత్తి ఎముక పెంచడం) అవసరమైతే లెక్క ఇంకా పెరుగుతుంది. కొరియా, ఇజ్రాయెల్ వాటికీ స్విస్ వాటికీ ఉన్న రేటు తేడా ఎక్కువగా కంపెనీ ధరదే. జీవితకాలం గ్యారంటీ అన్నప్పుడు అది సాధారణంగా ఎముకలోని ముక్కకే, క్యాప్‌కీ డాక్టర్ ఫీజుకీ కాదు. ఆ గ్యారంటీ అడగాలన్నా లాట్ నంబరు కావాలి, అంటే మళ్లీ స్టిక్కరే.

చెన్నై వెళ్తే మంచిదని మన ఊళ్లో ఒక నమ్మకం ఉంది, చిత్తూరు వాళ్లకి వెల్లూరు దగ్గర. పెట్టే పని అక్కడ బాగా జరగొచ్చు. కానీ ఇంప్లాంట్ ఒక్కరోజు పని కాదు. కింది దవడకి సుమారు మూడు నెలలు, పై దవడకి నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి, మధ్యలో ఐదారు సార్లు తిరగాలి. స్క్రూ వదులైన రోజు మూడు గంటల పైన బస్సులో వెళ్లి అరగంట పని చేయించుకోవాలి. రేణిగుంట రోడ్డులో డెంటల్ కాలేజీ ఉంది. సమయం చేతిలో ఉన్నవాళ్లు అక్కడా కనుక్కోవచ్చు, క్యూకి మాత్రం సిద్ధపడాలి. క్లినిక్ అయితే బోర్డు మీద డిగ్రీల కంటే ముందు కిట్ క్లినిక్ సొంతమా, టార్క్ రెంచ్ ఉందా, పెట్టే డాక్టర్ వారంలో ఎన్ని రోజులు ఇక్కడ ఉంటారు, ఈ మూడూ అడగండి. విజిటింగ్ డాక్టర్ అయితే చెడ్డ పని చేస్తారని కాదు, చాలామంది అనుభవం ఉన్నవాళ్లే. ఆయన లేని సోమవారం ఎవరు చూస్తారన్నది ముందే తేలాలి.

నమలడంలో వంక లేదన్న మాటని ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. సొంత పంటి వేరు చుట్టూ ఉండే మెత్తటి పొర ఇంప్లాంట్‌కి ఉండదు, అన్నంలో రాయి పడితే కరకరలాడాకే తెలుస్తుంది. ఇంకోటి, సొంత పళ్లు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ముందుకి జరుగుతూనే ఉంటాయి, ఇంప్లాంట్ మాత్రం పెట్టిన చోటే ఉంటుంది. నాలుగో ఏడు తోతాపురి మామిడి రోజుల్లో పీచు సరిగ్గా ఇంప్లాంట్‌కీ దాని ముందు పన్నుకీ మధ్య ఇరుక్కోవడం మొదలైంది. వేటమాంసం తిన్నా అంతే. అది ఇంప్లాంట్ చెడిపోయినట్టు కాదు, మధ్యలో సందు పడింది. 45లో ఉన్న పాత ఫిల్లింగ్ తీసి, పక్క గోడ కాస్త ఉబ్బెత్తుగా కొత్తది కట్టాక ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) బిగుతుగా దిగుతోంది. 1,500 రూపాయలు. పళ్ల సందుల్లో దూరే సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ రోజూ రాత్రి తప్పనిసరి. ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించి మొదటిదాంతో పోల్చి చూడాలి. మొదటి ఏడాది మర అంచు దగ్గర ఎముక ఒక మిల్లీమీటరు దాకా తగ్గడం మామూలే, ఆ తర్వాత నిలకడగా ఉండాలి.

ఇదంతా ఒక్క పన్ను, కింది దవడ, ఎముక నిండుగా ఉండటం, పొగ అలవాటు లేకపోవడం, క్లినిక్ ఇంటికి పావుగంట దూరంలో ఉండటం మీద ఆధారపడిన మాట. షుగరు అదుపులో లేనివాళ్లకి, ఎముక అరుగుదల మందులు వాడుతున్నవాళ్లకి, పలమనేరు, కుప్పం నుంచి రావాల్సినవాళ్లకి లెక్క మారుతుంది, పక్క పళ్ల ఆసరాతో కట్టే బ్రిడ్జే మేలు కావచ్చు. 36కి మాత్రం మళ్లీ ఇంప్లాంటే అనుకున్నాను. కిట్ క్లినిక్ సొంతమైన చోట, స్క్రూ క్యాప్‌తో, 38 వేలకి మాట అయింది. డబ్బా ముందే తెరవకుండా ఎదురుగా తెరవాలని, ఒక స్టిక్కర్ ఫైల్లో, ఒకటి చేతికి అని ఎస్టిమేట్ కాగితం మీదే రాయించాను. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 లోపు వచ్చిన రిపోర్టు చూపిస్తేనే తేదీ ఇస్తామన్నారు.