సీమ్‌లెస్ వైఫై అని ₹18,000 తీసుకున్నారు, ఇంటి వైఫైకి తాళమే లేకుండా చేశారు: జాగ్రత్త

గుంటూరు, విజయవాడల్లో రెండు మూడు అంతస్తుల ఇంటికి వైఫై పెట్టించుకోబోయేవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి.

మాది గుంటూరు బ్రాడీపేట. కింద మామగారు, మధ్యలో మేము, పైన అబ్బాయీ కోడలూ. కోడలిది ఇంటి నుంచే ఉద్యోగం. కాల్‌లో ఉండి మెట్లు దిగిందంటే చాలు, తెగిపోయేది. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపుకి వెళ్లి అడిగితే, "అంతస్తుకి ఒకటి పెడతాం మేడం, ఇల్లంతా తిరిగినా కాల్ కట్ అవ్వదు, సీమ్‌లెస్ రోమింగ్" అన్నారు. మూడు వైఫై డబ్బాలు (రౌటర్లు), వైరింగ్, కూలీ కలిపి ₹18,000. చేతికిచ్చింది ఎస్టిమేట్ చీటీ. జీఎస్టీ బిల్లు అడగలేదు, అది నా తప్పే.

బిగించి వెళ్లాక కూడా మెట్ల మీద కాల్ తెగుతూనే ఉంది. మూడుసార్లు ఫోన్ చేస్తే మనిషి వచ్చాడు. "పాస్‌వర్డ్ చెక్ చేసుకోవడానికి టైమ్ పడుతోంది మేడం, అందుకే తెగుతోంది" అని ఏదో మార్చాడు. "నెట్‌వర్క్ పేరు దాచేశాను, మీ ఇంటి ఫోన్లకి తప్ప ఇంకెవరికీ కలవదు" అన్నాడు. ప్రతి ఫోన్‌కీ నెట్‌వర్కులో గుర్తుపట్టడానికి మ్యాక్ అనే నంబరు ఉంటుంది. ఫోన్లన్నిట్లో ఆ నంబరుని మార్చి చూపించే రాండమ్ మ్యాక్ అనేది ఆపించి, అసలు మ్యాక్ నంబర్లు రాసుకుని డబ్బాల్లో ఎక్కించాడు. నమ్మాం.

సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు. వాడిది నెట్‌వర్కుల పనే. వైఫై కలుపుకోబోయి, "అత్తా, దీనికి తాళం గుర్తు లేదేంటి?" అన్నాడు. వాడు చెప్పాక కాళ్లు చల్లబడ్డాయి. మూడు డబ్బాల్లోనూ పాస్‌వర్డ్ మొత్తం తీసేశాడు ఆ మనిషి. మా డబ్బాల్లో పాస్‌వర్డ్ లేదంటే ఎన్‌క్రిప్షన్ కూడా లేదన్నమాట, అంటే గాల్లో వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే తాళం లేదు. దాచిన పేరు ఎంతసేపు దాగుతుంది? మన ఫోన్ కలిసే ప్రతిసారీ ఆ పేరు గాల్లో బయటికి వస్తుంది. ఫోన్ల మ్యాక్ నంబర్లూ అంతే, పాస్‌వర్డ్ ఉన్న నెట్‌వర్కులో కూడా అవి బయటికి కనిపిస్తూనే ఉంటాయి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో చూసి, ఆ నంబరే తన ల్యాప్‌టాప్‌కి పెట్టుకుంటే ఎవరైనా లోపలికి రావచ్చు. బ్రాడీపేటలో పక్కింటి గోడకీ మా గోడకీ మధ్య చెయ్యి కూడా దూరదు. మా సీసీ కెమెరా, ప్రింటర్, డబ్బాల సెట్టింగుల పేజీ, అన్నీ ఆ నెట్‌వర్కులోనే ఉన్నాయి. బ్యాంకు యాప్‌లకి వాటి ఎన్‌క్రిప్షన్ వేరే ఉంటుంది కాబట్టి ఆ భయం కొంత తక్కువ. కానీ మా కనెక్షన్ మీద బయటివాడెవడో చెయ్యరాని పని చేస్తే పోలీసులు ముందు మా తలుపే కొడతారు.

ఇంత చేసీ కాల్ తెగడం ఆగిందా అంటే, లేదు! అసలు కారణం పాస్‌వర్డ్ కానే కాదు. మూడు డబ్బాలూ రౌటర్ మోడ్‌లో ఉన్నాయి. ఎవరికి వారే యజమాని. మధ్య అంతస్తులో ఫోన్‌కి 192.168.1 తో మొదలయ్యే ఐపీ (నెట్‌వర్కులో ఫోన్ చిరునామా), పైకి వెళ్తే 192.168.0 తో. ఐపీ మారితే నడుస్తున్న కాల్ నిలబడదు. మూడింటికీ ఒకే పేరు పెట్టినంత మాత్రాన ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

నిజమైన రోమింగ్‌కి తాళం తియ్యక్కర్లేదు. 802.11ఆర్ అనే ప్రమాణం 2008 నుంచే ఉంది. డబ్బాలన్నీ ఒకే గుంపుగా ఉండి, మొదటిసారి పాస్‌వర్డ్ సరిచూసినప్పుడు పుట్టిన తాళంచెవి నుంచే తర్వాతి డబ్బాకి కావలసిన చెవి తయారవుతుంది. మారేటప్పుడు మళ్లీ మొదటి నుంచి తతంగం ఉండదు, ఎన్‌క్రిప్షన్ ఎక్కడా ఆగదు. దానికి తోడు 802.11కె చుట్టుపక్కల డబ్బాల జాబితా ఫోన్‌కి ఇస్తుంది, 802.11వి ఫలానాదానికి మారమని సూచిస్తుంది. ఎప్పుడు మారాలో చివరికి తేల్చుకునేది మాత్రం ఫోనే. అందుకే "అస్సలు కట్ అవ్వదు" అని ఎవరైనా గట్టిగా చెప్తే నాకిప్పుడు అనుమానం వస్తోంది.

మాకు అమ్మినవాటిలో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. అప్‌డేట్లు కూడా రావు. 2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ వైఫై ఎన్‌క్రిప్షన్‌లో క్రాక్ అనే లోపం బయటపెట్టినప్పుడు 802.11ఆర్ కూడా దాని బారిన పడింది. కంపెనీలు అప్‌డేట్ ఇచ్చి సరిచేశాయి. అప్‌డేటే రాని డబ్బాకి ఆ దారి లేదు.

మేనల్లుడు రెండు డబ్బాల్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చి (అంటే ఐపీలు ఇచ్చేది ఒక్క డబ్బానే, మిగతావి సిగ్నల్ మాత్రమే ఇస్తాయి), మూడింటికీ డబ్ల్యూపీఏ2 అనే ఎన్‌క్రిప్షన్‌తో పాస్‌వర్డ్ పెట్టాడు. గంట పని. ఇప్పుడు మెట్ల మీద ఒక్క క్షణం మాట ఆగుతుంది గానీ కాల్ తెగట్లేదు.

మీరు కొనేటప్పుడు డబ్బా మీద మెష్ (చాలా డబ్బాలు కలిసి ఒకే నెట్‌వర్కుగా పనిచేసే రకం) అని ఉంటే సరిపోదు, 802.11ఆర్ ఉందా అని పేరు పెట్టి అడగండి. బిగించాక ఆ మనిషి ఉండగానే కాల్‌లో ఉండి మెట్లెక్కండి. ప్రతి అంతస్తులో ఫోన్‌లో ఐపీ చూడండి, అది మారకూడదు. జీఎస్టీ బిల్లు చేతికి వచ్చాకే డబ్బివ్వండి.

షాపువాళ్లు డబ్బాలు వాపసు తీసుకోవడానికి ఒప్పుకోలేదు, "బిల్లేది?" అన్నారు. చీటీ, ఫోన్‌పే రసీదు పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం షాపు విజయవాడలో ఉన్నా, నేను ఉండే గుంటూరులోనే కేసు వేయొచ్చు. ₹5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు.

బిగించిన మనిషి నాతో, "చాలా ఇళ్లల్లో ఇలాగే సెట్ చేశాను మేడం" అన్నాడు. మీ ఇంట్లో కూడా ఎవరైనా పేరు దాచి, ఫోన్ల మ్యాక్ నంబర్లు ఎక్కించి వెళ్లుంటే, ఇవాళే ఫోన్‌లో వైఫై పేరు పక్కన తాళం గుర్తు ఉందో లేదో చూసుకోండి.