సినిమా కోసం వెళ్ళి మేడలు చూసొచ్చాం

"బావా, సినిమా చూడ్డానికి రాజమండ్రి నుంచి హైదరాబాదు రావాలా?" అన్నాడు మా బావమరిది, నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగగానే. 2023 డిసెంబరు, శనివారం. మామూలు సినిమాకైతే రానక్కర్లేదు. సాయంత్రం లామకాన్‌లో, అంటే సినిమాలూ సభలూ జరిగే ఒక సాంస్కృతిక వేదికలో, పాత బెంగాలీ సినిమా వేస్తున్నారని తెలిసి బయల్దేరాం. పగలంతా ఖాళీయే కాబట్టి, బాగుచేశారని వింటున్న పాత కట్టడాలు రెండు చూద్దామనుకున్నాం.

లాడ్జి సంగతి తొందరగా ముగిస్తాను. ఫోన్లో చెప్పిన అద్దె ఒకటి, కౌంటర్లో అడిగింది ఇంకొకటి. వేణ్ణీళ్ళు ఎనిమిదిదాకా వస్తాయన్నారు, ఏడింటికే ఆగిపోయాయి. ఒక్క రాత్రికి సర్దుకోవచ్చు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు అమీర్‌పేట వైపు గది చూసుకుంటే మెట్రో చేతిలో ఉంటుంది.

కోఠి మహిళా కళాశాల ఆవరణలోని బ్రిటిష్ రెసిడెన్సీకి ఒక నడక బృందంతో వెళ్ళాం. 1803లో రెసిడెంటు, అంటే నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, కర్క్‌పాట్రిక్ మొదలుపెట్టించిన మేడ ఇది. ఖర్చు నిజాముది, దర్జా కంపెనీది. 1949 నుంచి ఇక్కడ ఆడపిల్లలు చదువుకున్నారు. శిథిలమైపోతున్న భవనాన్ని పాత కట్టడాలను కాపాడే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో ఏళ్ళ తరబడి బాగుచేశారు. దర్బారు హాల్లో తలెత్తితే కప్పు మీది నగిషీ కాగితపు గుజ్జుతో చేసిందని చెప్పారు. నమ్మబుద్ధి కాలేదు. పరదాలో ఉండే కర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా మేడ ముందువైపు చూడలేదు కనక, ఆమె కోసం తోటలో దాని చిన్న నమూనా కట్టించాడని ఒక కథ. సొంతింటిని బొమ్మలో చూసుకుందన్నమాట.

ఇంత పెద్ద హాల్లో తెర కడితేనో అని నాకు ఆశ పుట్టింది. బావమరిది చప్పట్లు కొట్టి చూపించాడు. ఆ మోత చాలాసేపు గుండ్రంగా తిరిగింది. అంత ఎత్తు కప్పు కింద మాటలు వినపడవు. నున్నటి గోడలకు గుడ్డలు కట్టాలి, కిటికీలన్నీ మూసి చీకటి చెయ్యాలి. అప్పుడు చూడ్డానికి వచ్చిన అందమే కనపడదు. బాగుచేసిన ప్రతి మేడా సినిమాకు పనికిరాదని అక్కడే తెలిసింది.

మొజంజాహీ మార్కెట్ వేరే సంగతి. 1935 నాటి రాతి కట్టడం, 2020లో శుభ్రంచేసి తెరిచారు. గడియారస్తంభం కింద బల్లమీద కూర్చుని సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నాం. రెసిడెన్సీలో గొంతు తగ్గించి మాట్లాడాం, ఇక్కడ బేరాలు, నవ్వులు. నా ఓటు దీనికే. చీకటి పడ్డాక ఆ లోపలి జాగాలో ఒక తెల్లగుడ్డ కడితే చాలు, జనం వాళ్ళే వస్తారు.

మెట్రోలో ఎర్రమంజిల్ దిగాం. స్టేషన్‌కు ఆ పేరిచ్చిన నవాబు ఫక్రుల్‌ముల్క్ మేడ పక్కనే పాడుబడి ఉంది. 2019లో దాన్ని పడగొట్టి అసెంబ్లీ కడదామనుకుంటే హైకోర్టు ఆపింది. కూల్చలేదు సరే, బాగుచేసిందీ లేదు. హైదరాబాదులో మంచి సినిమాకంటూ ఒక పాత మేడ దక్కాలంటే నేనైతే దీన్నే అడుగుతాను.

లామకాన్ అంటే ఉర్దూలో ఇల్లు లేనిది. నిజానికి అది ఇల్లే. ఫొటోగ్రాఫర్ మొయీద్ హసన్ ఉన్న ఇంటిని ఆయన తదనంతరం 2010లో అందరికీ తెరిచారు. ఈ ఊళ్ళో ఇలాంటి సినిమాలెప్పుడూ అద్దెకొంపల్లోనే బతికాయి. సినిమా దర్శకుడు శ్యామ్ బెనెగల్ కుర్రతనంలో ఇక్కడే ఫిల్మ్ సొసైటీ, అంటే మంచి సినిమాలు తెప్పించుకుని చూసే సంఘం, పెట్టాడు. 1974లో మొదలైన హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ సారథి స్టూడియో ప్రివ్యూ థియేటర్లో సినిమాలు వేసేది. లామకాన్లో మెత్తటి సీట్లు ఆశించకండి. బండరాళ్ళ మధ్య ఆరుబయట కూర్చోవాలి, డిసెంబరు చలికి శాలువా ఉంటే మంచిది. ఇరానీ చాయ్, సమోసా చవకే.

సినిమా ముగిసినా ఎవరూ లేవలేదు. కాసేపు మాట్లాడుకున్నారు. పక్కన కూర్చున్న పెద్దాయన, మాది రాజమండ్రి అనగానే, "సినిమా నచ్చిందా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు బావమరిది అందుకున్నాడు.

"సగం నిద్రపోయానండీ. మిగతా సగం బావుంది. వచ్చే శనివారం ఏం వేస్తారు?"