రాయగడ లాడ్జిలో ఉడికిన సీసాలు, కోరాపుట్‌లో తేలిన రుచులు

ఎండాకాలంలో వైన్ సీసాలు పట్టుకుని ఒడిశాలోని రాయగడలో రాత్రి బస చేసేవాళ్ళు గదిలో ఏసీ ఉందా అని అడిగితే చాలదు. ఏసీ ఆన్ చేయించి, పావుగంట అక్కడే కూర్చుని, చల్లబడితేనే డబ్బు కట్టాలి. మే రెండో వారంలో ఒక లాడ్జివాళ్ళు ఏసీ గది అని 1,650 రూపాయలు ముందే తీసుకున్నారు. గది పై అంతస్తులో, నేరుగా శ్లాబు కింద. ఏసీ మోత తప్ప చల్లదనం లేదు. రాత్రి పదకొండింటికి థర్మామీటరులో 36 డిగ్రీలు. కౌంటర్లో అడిగితే, ‘వోల్టేజీ లేదండీ, మా చేతుల్లో ఏముంది’ అని ఒకటే మాట. టేబుల్ ఫ్యానుకి ఇంకో 100 తీసుకున్నారు. మామూలు గది 800 అని బోర్డు మీదే రాసి ఉంది. తేడా 850 వెనక్కిమ్మంటే రసీదు కోసేశాం, కుదరదన్నారు.

మనుషులం ఎలాగో ఓర్చుకుంటాం. వైన్ ఓర్చుకోదు. కోరాపుట్‌లో రుచులు పోల్చి చూద్దామని గుణుపూర్ నుంచి నలుగురం తెచ్చినవి ఆరు సీసాలు: ఇంట్లో చేసిన నేరేడు రెండు, పైనాపిల్ ఒకటి, నల్ల ద్రాక్ష ఒకటి, కొన్నవి నాసిక్ చెనిన్ బ్లాంక్ (తెల్ల వైన్), షిరాజ్ (ఎర్ర వైన్). రాత్రి రెండింటికి పైనాపిల్ సీసా బిరడా ఎగిరిపోయి, సగం వైన్ గోడకీ దుప్పటికీ అయింది. పొద్దున్న దుప్పటి ఉతుకుడుకని 150 వసూలు చేశారు. ఆ సీసా చేసిన బావగారు కోరాపుట్ చేరేదాకా మాట్లాడలేదు.

తప్పు లాడ్జిది సగమే. ఆ వైన్ పూర్తిగా పులిసి, పంచదార ఎంత మిగిలిందో సాంద్రతని బట్టి చెప్పే హైడ్రోమీటరు 0.996 దగ్గర ఆగాక, తీపి కోసం లీటరుకి 30 గ్రాముల పంచదార కలిపి వెంటనే సీసాకెక్కించారు. వైన్ చెడకుండా వేసే పొటాషియం మెటాబైసల్ఫైట్ వేశారు గానీ, ఈస్ట్‌ని మళ్ళీ పెరగనివ్వని సార్బేట్ వేయలేదు. కంటికి తేటగా కనిపించినా అందులో ఈస్ట్ మిగిలే ఉంటుంది. వేడి తగలగానే లేచి ఆ పంచదార తింటుంది. లీటరుకి 4 గ్రాముల పంచదార పులిస్తే సీసాలో సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 గ్రాములంటే ఏడు దాటుతుంది. షాంపేన్ సీసా అంత మందంగా ఉండేది ఆరు పీడనాలు తట్టుకోవడానికే. మామూలు సీసాలో బిరడా ఎగరడం అదృష్టం. గాజు పగిలి ఉంటే మంచం మీదున్నవాళ్ళ గతేమిటి?

తీపి కావాలంటే ముందు వైన్‌ని మడ్డి మీంచి రెండుసార్లైనా తేర్చాలి. అద్దంలా తేరాక లీటరుకి 0.2 గ్రాముల పొటాషియం సార్బేట్, దానితోపాటు 0.1 గ్రాము మెటాబైసల్ఫైట్ వేసి, అప్పుడు పంచదార కలపాలి. సార్బేట్ ఈస్ట్‌ని చంపదు, పెరగనివ్వదంతే. అందుకే మడ్డిగా ఉన్న వైన్‌లో వేస్తే దండగ. మెటాబైసల్ఫైట్ లేకుండా సార్బేట్ ఒక్కటే వేస్తే, లాక్టిక్ బ్యాక్టీరియా చేరినప్పుడు జెరేనియం ఆకు నలిపినట్టు వాసన వస్తుంది, అది ఇక పోదు. కలిపాక రెండు వారాలు, గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్ కిందే ఉంచి, హైడ్రోమీటరు అంకె కదలకపోతేనే సీసాకెక్కించాలి.

మిగతా సీసాల్ని తడి గోనెసంచి చుట్టి, బకెట్‌లో నిలబెట్టి, ఫ్యాను ఎదురుగా పెడితే తెల్లారేసరికి 29 డిగ్రీలకి దిగాయి. ఏసీ కంటే గోనెసంచి నయం.

రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కోరాపుట్ చేరాం. ఎత్తు మీద ఊరు, గాలి మారింది, అందరి మొహాలూ తేటపడ్డాయి. జగన్నాథుడి గుడి వైపు గది 1,100. ఏసీ లేదు, అక్కర్లేదు కూడా. యజమాని అడక్కుండానే తన ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసిచ్చాడు. మధ్యాహ్నం వెదురు కొమ్ముల కూరతో భోజనం 140. ఆ కూర పులుపుకి ఎండు మిరపకాయ పోపు పడింది, రెండోసారి వడ్డించుకోనివాళ్ళు లేరు. రుచి చూడ్డానికి ముందు మాత్రం అది తినకూడదు. నాలుక గంటన్నర దాకా దారికి రాదు.

సాయంత్రం సీసాలకి మేజోళ్ళు తొడిగి నంబర్లు కట్టాం. ఎవరిదేదో తెలిస్తే నాలుక అబద్ధమాడుతుంది. గ్లాసులన్నీ ఒకే రకం, ఒక్కోదాంట్లో 50 మిల్లీలీటర్లు, మధ్యలో మంచినీళ్ళు, ఉప్పులేని మరమరాలు. తెల్లది 10 డిగ్రీల్లో ముందు, ఎర్రవి 17 దగ్గర తర్వాత.

చెనిన్ బ్లాంక్ (890 రూపాయలు) శుభ్రంగా, నిమ్మపులుపుతో ఉంది. ఫిల్టర్ చేసిన వైన్‌కుండే ఆ తేట ఇంట్లో రావడం కష్టం. ఇంటి నల్ల ద్రాక్షలో మురిగిన గుడ్డు వాసన. ఈస్ట్‌కి నత్రజని చాలకపోతే ఇలా అవుతుంది. తోమిన రాగి తీగ ఒక గ్లాసులో వేసి తిప్పితే వాసన పోయింది, అంటే హైడ్రోజన్ సల్ఫైడే. ఆ గ్లాసు పారబోయాలి, తాగకూడదు. వాసన పోయాక కూడా ద్రాక్ష జెల్లీ ఘాటు మిగిలింది. అది తప్పు కాదు, బెంగళూరు బ్లూ అనే ఆ ద్రాక్ష జాతి స్వభావమే అంత. దాంట్లో షిరాజ్ వెతకొద్దు.

షిరాజ్ మాటకొస్తే అది ఇంకో మోసం. 1,050 పెట్టి కొన్న సీసా, దుకాణంలో ఎండపడే అద్దాల బీరువాలో నిలబెట్టి ఉంచినది. గ్లాసు వంచితే అంచు ఇటుకరంగు, నోట్లో ఉడికిన కిస్మిస్. ఒక్క రాత్రి వేడికి అంత రంగు మారదు. కొనేటప్పుడే బిరడా పైకి ఉబ్బిందా, మూత కింద జిగురు కారిందా చూసుకోవాలి. చల్లటి మూల పడుకోబెట్టిన సీసా అడిగి తీసుకోవాలి.

నలుగురూ మొదటి స్థానమిచ్చింది పది నెలల నేరేడుకి. పది లీటర్లకి అయిదు కిలోల పండు, దాదాపు 1.8 కిలోల పంచదార, హైడ్రోమీటరు మొదలు 1.088, ముగింపు 0.996, అంటే సుమారు 12 శాతం ఆల్కహాల్. పండు చేత్తో పిసికి, గింజ చిదమకుండా, తొక్కతో అయిదు రోజులే ఉంచి వడగట్టినది. రెండో నేరేడు అదే లెక్కతో చేసినా మిక్సీలో వేశారు. గింజ నలిగి చేదెక్కింది. వగరైతే ఏడాదికి మెత్తబడుతుంది, గింజ చేదు మెత్తబడదు.

ఇంటి వైన్‌కి ఎక్సైజ్ నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ముందే కనుక్కోండి, ఆంధ్రాలోని పార్వతీపురం వైపు మాత్రం సీసాతో సరిహద్దు దాటకండి. తిరుగు ప్రయాణంలో మేం రాయగడలో ఆగలేదు. ఖాళీ సీసాలు కడిగి తలకిందులుగా ఆరబెట్టి తెచ్చుకున్నాం, జూన్‌లో నేరేడు దిగుతుంది.